పత్తి లెక్క స్క్రిప్టును వేరే ప్రోగ్రాములు లోడ్ చేసుకునే లైబ్రరీగా మార్చడం ఎలా?

తక్‌పట్టీ, హనుమకొండ:

నమస్కారం. వరంగల్ చుట్టుపక్కల ఒక జిన్నింగు మిల్లుకూ, ఎనుమాముల మార్కెట్టులో ఇద్దరు అడ్తిదారులకూ నేను బిల్లింగు పనులు చూసిపెడుతుంటాను. పత్తి కొనుగోలు లెక్క కోసం నిరుడు పైథాన్‌లో 140 వరుసల స్క్రిప్టు ఒకటి రాసుకున్నాను. ధర్మకాంట మీద తేలిన నికర తూకం, తేమ శాతం, ఆనాటి ధర ఇస్తే చాలు, తరుగు పోను రైతుకు ఎంత చెల్లించాలో అది చెబుతుంది. సూత్రం ఇక్కడ చాలామందికి తెలిసినదే. తేమ 8 శాతం వరకు పూర్తి ధర వస్తుంది. ఆపైన 12 శాతం వరకు, పెరిగిన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోత పడుతుంది. 12 దాటితే మద్దతు ధరకు తీసుకోరు.

ఇబ్బంది స్క్రిప్టులో లేదు, అదే లెక్క మూడు చోట్ల మూడు రకాలుగా ఉండటంలో ఉంది. మిల్లు గేటు దగ్గర చిట్టీ కొట్టే ప్రోగ్రాము వీబీ 6లో, అంటే పాత విజువల్ బేసిక్ భాషలో, ఎవరో ఎప్పుడో రాసినది. అది 32 బిట్ల విండోస్ 7 యంత్రంలో నడుస్తోంది, దాన్ని మార్చడానికి యజమాని ఒప్పుకోవడం లేదు. ఆఫీసులోని ఖాతాల ప్రోగ్రాము జావాలో ఉంది, అది ఉబుంటు 20.04 మీద నడుస్తుంది. మూడోది నా స్క్రిప్టు. మొన్నటి సీజనులో గేటు చిట్టీకీ ఆఫీసు తక్‌పట్టీకీ (తూకం, చెల్లింపు రాసిచ్చే చీటీకీ) ఒక రూపాయి తేడా వచ్చి, ఏది సరైనదని ఒక రైతు కిటికీ దగ్గర నిలబడి అడిగితే, అక్కడున్న గుమాస్తా దగ్గర గానీ నా దగ్గర గానీ జవాబు లేకపోయింది. రూపాయే కదా అని ఊరుకోవచ్చు గానీ, అడిగినవాడి వైపు న్యాయం ఉన్నప్పుడు ఊరుకోబుద్ధి కాలేదు.

అందుకని లెక్క ఒక్కచోటే ఉండాలనీ, గేటు ప్రోగ్రామూ ఆఫీసు ప్రోగ్రామూ దాన్నే లోడ్ చేసుకుని పిలవాలనీ అనుకుంటున్నాను. ముందు పైఇన్‌స్టాలర్‌తో ఒక ఈఎక్స్‌ఈ తయారుచేశాను. చిట్టీ చిట్టీకీ దాన్ని నడిపిస్తే నాలుగైదు సెకన్లు పడుతోంది, పైగా నల్లటి కిటికీ ఒకటి మెరిసి మాయమవుతోంది. తరువాత సైథాన్‌తో కంపైల్ చేస్తే పీవైడీ ఫైలు వచ్చింది. అది కూడా డీఎల్‌ఎల్ (విండోస్‌లో ప్రోగ్రాములు లోడ్ చేసుకునే లైబ్రరీ ఫైలు) వంటిదేనని ఎక్కడో చదివి వీబీలో డిక్లేర్ చేసి పిలిస్తే 453వ నంబరు దోషం వచ్చింది, అంటే ఆ పేరుతో ఫంక్షనే లేదంటోంది. స్క్రిప్టులో ఆ పేరు ఉంది మరి. నేను ఎక్కడ పొరబడుతున్నానో, ఇటువంటి పనికి పెద్దలు ఏ దారి పడతారో చెప్పగలరు.


కాజీపేట జంక్షన్:

తక్‌పట్టీ గారూ, మీరు చేసిన రెండు పనులూ మీరు కోరిన దానికి దగ్గరగా కనిపించే వేరే పనులు. కంపైల్ చేయడం అన్న ఒక్క మాట కింద మూడు వేరువేరు సంగతులు కలిసిపోవడం వల్ల చాలామందికి ఈ తికమక వస్తుంది.

పైఇన్‌స్టాలర్ నిజానికి దేన్నీ కంపైల్ చేయదు. అది పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌నూ, మీ స్క్రిప్టునూ, కావలసిన మాడ్యూళ్లనూ ఒకే మూటగా కడుతుంది. ఒకే ఫైలుగా చేసినప్పుడు నడిపిన ప్రతిసారీ ఆ మూటను తాత్కాలిక ఫోల్డరులో విప్పి, అప్పుడు ఇంటర్‌ప్రెటర్‌ను లేపుతుంది. మీకు చిట్టీకి పట్టే నాలుగైదు సెకన్లలో లెక్కకు పోయేది వెయ్యో వంతు కూడా ఉండదు, మిగిలినదంతా మూట విప్పే సమయమే.

సైథాన్ నిజంగానే కంపైల్ చేస్తుంది: మీ పైథాన్‌ను సీ భాషలోకి మార్చి, సీ కంపైలరుకు అప్పగిస్తుంది. వచ్చిన పీవైడీ ఫైలు విండోస్ దృష్టిలో అసలైన డీఎల్‌ఎల్లే, మీరు చదివినది తప్పు కాదు. అయితే దాన్ని లోడ్ చేసుకోవలసింది పైథానే అన్న ఊహతో దాన్ని కట్టారు. బయటికి కనిపించే పేరు అందులో మామూలుగా ఒక్కటే ఉంటుంది, పైఇనిట్ అన్న మాటకు మాడ్యూలు పేరు తగిలించినది. మీ ఫంక్షన్లు లోపల పైథాన్ వస్తువులుగా ఉంటాయే తప్ప డీఎల్‌ఎల్ గుమ్మం మీద వాటి పేర్లు రాసి ఉండవు. వీబీ ఆ గుమ్మం దగ్గర నిలబడి పేరు వెతికి, లేదని 453 చెప్పింది. పైథాన్‌కు మరో కంపైలరైన నుయిట్కా మాడ్యూలు పద్ధతిలో కట్టినా ఇదే కథ.

సైథాన్‌లోనే ఫంక్షనుకు ముందు సీడెఫ్ పబ్లిక్ అని రాస్తే అది సీ ఫంక్షనుగా బయటికి వస్తుంది, దానికి హెడరు ఫైలు (ఫంక్షన్ల ప్రకటనలు ఉండే ఫైలు) కూడా పుడుతుంది. కానీ పిలిచే ప్రోగ్రామే ముందుగా పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను ప్రారంభించి, మాడ్యూలును ఇంపోర్ట్ చేసి, ఆ తరువాతే ఫంక్షనును పిలవాలి. ఈ వరుస తప్పితే దోషం కూడా చెప్పకుండా ప్రోగ్రాము కూలిపోతుంది. వీబీ 6 నుంచి ఈ తంతు చేయించడం సాధ్యమే గానీ, మీ స్థానంలో ఉంటే నేను ఆ జోలికి పోను.

మీరు కోరిన దానికి సరిగ్గా సరిపోయే దారి, పైథాన్‌నూ సీ భాషనూ కలిపే సీఎఫ్‌ఎఫ్‌ఐ అన్న మాడ్యూలులో ఉంది. దాని 1.5 వెర్షను నుంచి ఎంబెడింగు అన్న పద్ధతి వచ్చింది. బయటికి కనిపించవలసిన ఫంక్షన్ల ప్రకటనలను సీ భాషలో ఒకచోట రాస్తారు, వాటి శరీరాన్ని పైథాన్‌లో రాసి డెఫ్ ఎక్స్‌టర్న్ అన్న డెకరేటరు పెడతారు, ఆపైన కంపైల్ చేయిస్తారు. వచ్చే డీఎల్‌ఎల్‌ను గానీ, లైనక్సులో దానికి సాటి అయిన ఎస్‌ఓను గానీ ఏ ప్రోగ్రామైనా మామూలు సీ లైబ్రరీ అనుకునే లోడ్ చేసుకుంటుంది. మొదటిసారి ఫంక్షనును పిలిచినప్పుడు ఇంటర్‌ప్రెటర్‌ను లేపే పని ఆ లైబ్రరీయే చూసుకుంటుంది, ఒకసారికి ఒక్క థ్రెడ్డునే పైథాన్ నడవనిచ్చే జీఐఎల్ తాళం తీయడం వేయడం కూడా దాని బాధ్యతే. మొదటి పిలుపు మాత్రం కొంచెం ఆలస్యమవుతుంది, తరువాతివి వెంటనే వస్తాయి.

ఇందులో దాచకూడని సంగతి ఒకటి ఉంది. లైబ్రరీ ఫైలు చిన్నదే అయినా దాని వెనుక మొత్తం పైథాన్ నడిచి వస్తుంది. గేటు యంత్రం 32 బిట్ల విండోస్ 7 అన్నారు. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8, అందులోనూ మీకు 32 బిట్లదే కావాలి. లైబ్రరీని ఏ వెర్షనుతో కట్టారో ఆ వెర్షనే అక్కడ ఉండాలి. రేపు ఎవరో శుభ్రం చేస్తున్నామంటూ ఆ పైథాన్‌ను తీసేస్తే గేటు ఆగిపోతుంది. మీ స్క్రిప్టు పాండాస్ వంటి పెద్ద మాడ్యూళ్ల మీద ఆధారపడి ఉంటే ఈ ఖర్చును భరించమనే చెప్పేవాణ్ని. కేవలం కూడికలు, గుణకారాలే అయితే ఒక్క బస్తా కోసం లారీ మాట్లాడినట్టు అవుతుందేమో చూసుకోండి.


లక్నవరం:

పై సమాధానంలోని ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. చివర ‘చూసుకోండి’ అని మెత్తగా అన్నదాన్ని మాత్రం నేను గట్టిగా అంటాను: ఈ పనికి పైథాన్ వద్దు.

తక్‌పట్టీ గారూ, మీ 140 వరుసల్లో ఫైలు చదవడం, తేదీ రాయడం, తెరమీద చూపించడం తీసేస్తే అసలు లెక్క ముప్పై వరుసలకు మించదని నా అంచనా. ఆ ముప్పై వరుసలను సీలో తిరగరాయడానికి ఒక పూట చాలు. గో భాషలోనూ చేయవచ్చు. 2015లో వచ్చిన 1.5 వెర్షను నుంచి సీ-షేర్డ్ అన్న బిల్డు పద్ధతి అందులో ఉంది, ఎక్స్‌పోర్ట్ అన్న వ్యాఖ్య పెట్టిన ఫంక్షన్లు సీ ఫంక్షన్లుగా బయటికి వస్తాయి, హెడరు కూడా దానంతట అదే పుడుతుంది. కానీ గో తన రన్‌టైమునూ, చెత్త ఏరే యంత్రాంగాన్నీ, థ్రెడ్లనూ వెంట తీసుకుని పక్కవాడి ఇంట్లో దిగుతుంది. ఒకసారి దిగిన తరువాత దాన్ని అన్‌లోడ్ చేయడం కుదరదు. పైగా విండోస్ 7 మీద నడిచేది గో 1.20 వరకే. రస్ట్‌లో సీడైలిబ్ రకంగా కడితే ఈ బరువు ఉండదు, ఆ భాష వస్తే వాడండి, కాకపోతే విండోస్ 7 మీద నడిచేది రస్ట్ 1.77 వరకే.

ఏ భాషలో రాస్తారన్నది నిజానికి చిన్న విషయం. లైబ్రరీకీ దాన్ని పిలిచే ప్రోగ్రాముకూ నడుమ ఒక గడప ఉంటుంది. గడపకు అవతల ఉన్నవారికి మీ భాష తెలియదు; మీ పైథాన్ లిస్టు, మీ జావా స్ట్రింగు, మీ ఎక్సెప్షను వారికి అర్థం కావు. గడప దాటగలిగినవి నికరమైన పొడవు గల పూర్ణాంకాలు, దశాంశ సంఖ్యలు, జ్ఞాపకంలో ఒక చోటును చూపే పాయింటర్లు, అంతే. మీకు ఎదురయ్యే ఇబ్బందుల్లో పదింట తొమ్మిది ఈ గడప మీదే వస్తాయి. అందువల్ల కోడు రాయకముందే, గడప మీదుగా ఏమేమి నడవాలో కాగితం మీద తేల్చుకోండి.

నేనైతే ఇలా తేలుస్తాను. డబ్బును రూపాయల దశాంశాలుగా పంపను, పైసల్లో పూర్ణాంకంగా పంపుతాను. బైనరీ దశాంశాల్లో పది పైసలకు కూడా కచ్చితమైన రూపం లేదు. తూకాన్ని కిలోల్లో, తేమను శాతంలో పదో వంతులుగా పంపుతాను, అంటే 10.4 శాతాన్ని 104 అని. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, కనుక పంపవలసిన సంఖ్య 8,11,000. తేమ 10 శాతమైతే రెండు శాతం, అంటే 162 రూపాయల 20 పైసలు కోతపడి 7,947.80 మిగులుతుంది. 23 క్వింటాళ్ల 45 కిలోలకు చెల్లించవలసింది 1,86,375 రూపాయల 91 పైసలు. ఇదంతా పూర్ణాంకాలతోనే నడుస్తుంది. జవాబును నాలుగో పరామితిగా ఇచ్చిన పాయింటరులో రాసి, ఫంక్షను స్వయంగా తిరిగి ఇచ్చే విలువను స్థితి చెప్పడానికి వాడుతాను: సున్నా అయితే సరి, ఒకటి అయితే తేమ 12 దాటింది, రెండు అయితే ఇచ్చిన అంకెల్లోనే తప్పుంది. లోపల ఏది జరిగినా ఎక్సెప్షను మాత్రం గడప దాటి బయటికి రాకూడదు.

రైతు పేరు, ఊరు పేరు లైబ్రరీలోకి పంపకండి, లెక్కకు వాటితో పని లేదు. ‘రైతు’ అన్న మాట కంటికి రెండక్షరాలే. యూనికోడులో నాలుగు సంకేతాలు, యూటీఎఫ్-8లో 12 బైట్లు, చివరి సున్నాతో కలిపి 13. వీబీ 6 డిక్లేర్ ద్వారా స్ట్రింగును పంపితే అది ముందు విండోస్ పాత కోడు పేజీలోకి మారుతుంది. తెలుగుకు అటువంటి కోడు పేజీ లేదు కాబట్టి అవతలికి చేరేవి ప్రశ్నార్థకాలే. తప్పనిసరై ఎప్పుడైనా స్ట్రింగు తిరిగి ఇవ్వవలసి వస్తే, పిలిచినవారే చోటు కేటాయించి దాని పొడవు చెప్పాలి, మీరు అందులో నింపాలి. ఒకరు కేటాయించిన జ్ఞాపకాన్ని ఇంకొకరు విడుదల చేసే పద్ధతిని దగ్గరికి రానీయకండి, విండోస్‌లో ఇద్దరి హీపులూ (జ్ఞాపకం కేటాయించే నిల్వలూ) ఒకటే అవుతాయన్న హామీ లేదు.

కట్టే విధానం సులువే. లైనక్సులో సీ కంపైలరు జీసీసీకి షేర్డ్ అన్న ఐచ్ఛికం, ఎఫ్‌పిక్ అన్న ఐచ్ఛికం ఇస్తే ఎస్‌ఓ వస్తుంది. రెండోది ఎందుకంటే, లైబ్రరీ ఏ చిరునామాలో దిగుతుందో ముందుగా తెలియదు, ఎక్కడ దిగినా నడిచే కోడు కావాలి. విండోస్ కోసం వేరే యంత్రం అక్కరలేదు. ఉబుంటులోనే 32 బిట్ల మింగ్‌డబ్ల్యూ కంపైలరు పెట్టుకుని డీఎల్‌ఎల్ తీయవచ్చు. ఆ కంపైలరుకు తోడుగా ఉండే లిబ్‌జీసీసీ లైబ్రరీని స్టాటిక్‌గా, అంటే మీ ఫైలులోపలే, కలపండి. లేకపోతే మీ డీఎల్‌ఎల్ ఇంకో డీఎల్‌ఎల్ కోసం వెతికి, అది దొరకక, మీ ఫైలు కళ్లెదుటే ఉన్నా ఫైలు లేదని వీబీ 53వ దోషం చూపిస్తుంది. ఆ దోషంతో నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను.

వీబీ 6 విషయంలో మరొకటి: అది స్టడ్‌కాల్ పద్ధతిలోనే పిలుస్తుంది. సీ మామూలుగా సీడెకల్ పద్ధతిలో ఉంటుంది. పిలుపు ముగిసిన తరువాత, పరామితులు పెట్టిన స్టాకును ఎవరు శుభ్రం చేయాలన్న దగ్గర ఈ రెండింటికీ పొత్తు కుదరదు, వీబీ ఎడిటరులో నడిపితే 49వ దోషం వస్తుంది. ఫంక్షను ప్రకటనలో స్టడ్‌కాల్ అని రాయడం మరువకండి.


తక్‌పట్టీ, హనుమకొండ:

ఇద్దరికీ ధన్యవాదాలు. వారం రోజులు దీని మీదే కూర్చున్నాను. సగం పని అయింది, మిగతా సగంలో ఒక వింత తగిలింది.

గో నాకు కొంత తెలుసు కనుక, వద్దన్నా వినకుండా లైనక్సు వైపుకు ముందు దాన్నే పట్టుకున్నాను. నా ల్యాప్‌టాపులో ఉబుంటు 22.04 ఉంది, అక్కడ కట్టిన ఎస్‌ఓ అక్కడ చక్కగా నడిచింది. మిల్లు ఆఫీసులోని 20.04కు తీసుకుపోతే జావా దాన్ని లోడ్ చేయలేదు, జీలిబ్‌సీ (లైనక్సులోని ముఖ్య సీ లైబ్రరీ) 2.34 దొరకలేదని అంటోంది. దాంతో గోను పక్కనపెట్టి రెండు వైపులకూ సీలోనే రాశాను. లైనక్సులో జేఎన్‌ఏ (జావా నుంచి సీ ఫంక్షన్లను పిలవనిచ్చే లైబ్రరీ) ద్వారా జావా నుంచి పిలిస్తే లెక్క సరిగ్గా వచ్చింది, మీరు చెప్పిన 1,86,375.91తో సహా.

విండోస్‌లో స్టడ్‌కాల్ పెట్టాక కూడా మొదట 453వ దోషమే వచ్చింది. డీఎల్‌ఎల్‌లోని పేర్ల పట్టిక తెరిచి చూస్తే నా ఫంక్షను పేరు వెనుక ఆట్ గుర్తూ 16 అన్న అంకే చేరి ఉన్నాయి. వీబీలో అలియాస్ అని పెట్టి ఆ పూర్తి పేరు ఇస్తే పలికింది. ఇంతవరకు బాగానే ఉంది. చిన్న ట్రాలీలన్నిటికీ లెక్క పైసతో సహా సరిపోయింది. నిన్న డీసీఎం ఒకటి వచ్చింది, మొత్తం మైనసులో చూపించింది. అంటే రైతే మిల్లుకు బాకీ ఉన్నట్టు! తేమను 10 శాతం వద్ద ఉంచి ఒక్కో కిలో పెంచుతూ పోయాను. 27 క్వింటాళ్ల 1 కిలో వరకు సరిగ్గా ఉంది, 27 క్వింటాళ్ల 2 కిలోలు ఇవ్వగానే మైనస్ 2,14,747 రూపాయల 17 పైసలు అంటోంది. అదే సీ ఫైలు, అవే అంకెలు. లైనక్సులో మాత్రం తప్పు రావడం లేదు. గేటు మనిషికి తాత్కాలికంగా పాత ప్రోగ్రామే పెట్టి వచ్చాను.


లక్నవరం:

మీరు కిలో కిలో పెంచి హద్దును పట్టుకున్నందుకు అభినందనలు, దానివల్ల నేను మీ కోడు చూడకుండానే చెప్పగలుగుతున్నాను. మీరు చలరాశులను లాంగ్ అని ప్రకటించి ఉంటారు.

లాంగ్ అన్న మాటకు సీ భాషలో నికరమైన పొడవు లేదు. 64 బిట్ల లైనక్సులో అది 64 బిట్లు, విండోస్‌లో 32 బిట్లు. విండోస్ 64 బిట్లదైనా లాంగ్ 32 బిట్లే. 32 బిట్లలో పట్టే అతి పెద్ద ధన సంఖ్య 214,74,83,647. మీ లెక్కలో క్వింటాలు ధర 7,94,780 పైసలను కిలోలతో గుణించి, తరువాత నూరుతో భాగిస్తున్నారు. చివరి జవాబు చిన్నదే, నడుమ వచ్చే గుణఫలమే పెద్దది. 2,701 కిలోలకు అది 214,67,00,780, ఇంకా లోపలే ఉంది. 2,702 కిలోలకు 214,74,95,560 అయి హద్దు దాటింది. దాటినది గిర్రున తిరిగి అవతలి కొస నుంచి ఋణ సంఖ్యగా వచ్చింది, దాన్ని నూరుతో భాగిస్తే సరిగ్గా మీరు చెప్పిన మైనస్ 2,14,747.17 వస్తుంది. సీ ప్రమాణం ప్రకారం గుర్తు గల పూర్ణాంకం హద్దు దాటితే ఏమైనా జరగవచ్చు. మీకు అంకె తిరిగి రావడం అదృష్టమే, కనీసం కంటికి కనిపించింది. పొరపాటున ధన సంఖ్యగా వచ్చి ఉంటే ఎవరూ గమనించేవారు కాదు.

కాబట్టి గడప మీద లాంగ్ అన్న మాటే వాడకండి. స్టడ్‌ఇంట్ హెడరు చేర్చి, లోపలికి వచ్చే మూడు అంకెలనూ ఇంట్ 32 టీగా, గుణకారాన్నీ జవాబునూ ఇంట్ 64 టీగా ప్రకటించండి. గుణించకముందే 64లోకి మార్చాలి, గుణించాక మార్చితే పోయినది తిరిగి రాదు. జావా వైపు ఇంట్ ఎప్పుడూ 32, లాంగ్ ఎప్పుడూ 64, అక్కడ సందేహం లేదు. జేఎన్‌ఏ ప్రకటనలను మాత్రం కొత్త పొడవులకు తగ్గట్టు మార్చుకోండి. వీబీ 6లో లాంగ్ 32 బిట్లు, ఇంటిజర్ 16 బిట్లే. ఒకే మాటకు చోటును బట్టి కొలత మారుతుంది, మన దగ్గర ఊరికో తీరుగా ఉండే పాత మానికల లాగా.

మరి వీబీ 6 ఆ 64 బిట్ల జవాబును ఎలా అందుకుంటుంది అంటే, అందులో కరెన్సీ అన్న రకం ఉంది. అది లోపల 64 బిట్ల పూర్ణాంకమే, దాన్ని పదివేలతో భాగించి రూపాయలుగా చూపిస్తుంది. మీ లైబ్రరీ జవాబును పైసల్లో కాక రూపాయిలో పదివేలో వంతులుగా ఇచ్చి, నాలుగో పరామితిని వీబీలో బైరెఫ్ కరెన్సీగా ప్రకటిస్తే రూపాయలు నేరుగా చేతికి వస్తాయి. జావా వైపు పదివేలతో భాగించుకోండి. 1998 నాటి భాషలో ఈ సదుపాయం ఉండటం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

పేరు వెనుక చేరిన 16, నాలుగు పరామితుల మొత్తం బైట్ల సంఖ్య, ఒక్కొక్కటి నాలుగు. అలియాస్‌తో నడుస్తుంది గానీ, రేపు ఒక పరామితి పెంచితే అది 20 అయి మళ్లీ దొరకకుండా పోతుంది. లింకరుకు కిల్-ఆట్ అన్న ఐచ్ఛికం ఇచ్చినా, డెఫ్ ఫైలులో పేరు రాసినా శుభ్రమైన పేరు వస్తుంది.

జీలిబ్‌సీ సంగతి: 2.34లో పీథ్రెడ్ లైబ్రరీని ముఖ్య లైబ్రరీలో కలిపేశారు. గో థ్రెడ్లు సృష్టిస్తుంది గనుక, 22.04లోని 2.35 మీద కట్టినప్పుడు ఆ ఫంక్షన్లకు 2.34 ముద్ర పడింది, 20.04లో ఉన్నది 2.31. కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద నడవకపోవచ్చు, పాతదాని మీద కట్టినది కొత్తదాని మీద నడుస్తుంది. మీ సీ లైబ్రరీలో కేవలం గుణకారాలే ఉన్నాయి కనుక గండం తప్పింది. అయినా ఇకముందు 20.04 డాకర్ కంటెయినరులో కట్టడం అలవాటు చేసుకోండి.


మానేరు ఒడ్డు, కరీంనగర్:

లెక్క గురించి పై ఇద్దరూ చెప్పినదానికి నేను చేర్చేది లేదు. లైబ్రరీని అక్కడ పెట్టిన తరువాతి సంగతి ఒకటి చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

లైనక్సులో ప్రోగ్రాము నడుస్తుండగా ఎస్‌ఓ ఫైలు మీద కొత్తదాన్ని నేరుగా కాపీ చేయకండి. నడుస్తున్న ప్రోగ్రాము ఆ ఫైలునే జ్ఞాపకంలోకి పరిచి వాడుకుంటోంది, కింద నేలను మార్చితే పైన నిలబడినవాడు పడిపోతాడు. నేను మధ్యాహ్నం పూట కాపీ చేస్తే కౌంటరు దగ్గర మనుషులు నిలబడి ఉండగా ప్రోగ్రాము కూలింది. కొత్త ఫైలును అదే ఫోల్డరులో వేరే పేరుతో దించి, తరువాత పాత పేరుకు మార్చండి. అప్పుడు నడుస్తున్నది పాతదానితోనే సాగుతుంది, తిరిగి ప్రారంభించినప్పుడు కొత్తది అందుకుంటుంది. విండోస్ అయితే వాడుకలో ఉన్న డీఎల్‌ఎల్ మీద రాయనివ్వదు, ఆ మేరకు నయం. ఇంకొకటి, లైబ్రరీని లోడ్ చేసే డీఎల్‌ఓపెన్ ఫంక్షనుకు ఉత్త పేరు ఇస్తే లైనక్సు ప్రస్తుత ఫోల్డరులో వెతకదు. పూర్తి మార్గం ఇచ్చేస్తే ఏ గొడవా ఉండదు.

మద్దతు ధరను మాత్రం లైబ్రరీలో పాతిపెట్టకండి. అది ఏటా మారుతుంది, బయటి నుంచి రావలసిన అంకె. లైబ్రరీ వెర్షను చెప్పే చిన్న ఫంక్షను ఒకటి పెట్టి, ఆ అంకెను చిట్టీ అడుగున అచ్చు వేయించండి. గేటు ఒక వెర్షనుతో, ఆఫీసు ఇంకొక వెర్షనుతో నడుస్తుంటే మీ మొదటి జబ్బే తిరిగి వచ్చినట్టు, ఈసారి కనిపెట్టడం ఇంకా కష్టం.


తక్‌పట్టీ, హనుమకొండ:

లాంగ్ అనే రాశాను, ఒప్పుకుంటున్నాను. 64 బిట్లకు మార్చి, కరెన్సీ ఉపాయం కూడా పెట్టాను. 2,702 కిలోలకు ఇప్పుడు 2,14,749 రూపాయల 56 పైసలు వస్తోంది, రెండు వైపులా.

నిరుటి తక్‌పట్టీలన్నిటినీ పాత పైథాన్ స్క్రిప్టుతోనూ కొత్త లైబ్రరీతోనూ పక్కపక్కన నడిపి చూశాను. కొన్నింటిలో సరిగ్గా ఒక రూపాయి తేడా మిగిలింది, అవన్నీ మొత్తం యాభై పైసలతో ముగిసినవే. పైథాన్‌లోని రౌండ్ సరి సగాన్ని దగ్గరి సరి సంఖ్య వైపుకు మారుస్తుందట, 1,24,512.50ని అది 1,24,512 చేస్తే, నేను సీలో రాసినది 1,24,513 చేస్తోంది. కిటికీ దగ్గర ఆ రైతు అడిగిన రూపాయి ఇదేనని అప్పుడు తెలిసింది. ఏది పెట్టాలని మిల్లు గుమాస్తాను అడిగితే, చేతితో రాసిన రోజుల్లో అర్ధ రూపాయిని ఎప్పుడూ రైతు వైపే వేసేవారమని చెప్పాడు. అలాగే ఉంచాను. వెర్షను అంకె చిట్టీ అడుగున వస్తోంది. గేటు యంత్రంలో రేపు ఉదయం బండ్లు రాకముందే పెడుతున్నాను.